ఎడమ సీటులో కూర్చున్నవాళ్లు

మొన్న ఆదివారం పొద్దున మా తెల్ల కారును చూసుకోవడానికి ఒక జంట వచ్చింది. మా బిడ్డ కొత్తది తీసుకుంటోంది, అందుకని పాతదాన్ని అమ్మకానికి పెట్టింది. వచ్చిన అబ్బాయి చురుకైనవాడు. సెల్లులో కారు ఫొటోలు పెద్దవి చేసి చూస్తూ, మధ్యమధ్య ఎదురుగా ఉన్న కారు వైపు కూడా ఒక చూపు విసిరాడు. ముందు టైరును బూటుకాలితో ఒకసారి తన్నాడు. కారు కొనడానికి వచ్చిన మగవాళ్లంతా టైరును ఎందుకు తంతారో నాకు ఇప్పటికీ తెలియదు. టైరు మాత్రం ఇంతవరకు ఎవరికీ ఏమీ చెప్పినట్టు లేదు. లీటరుకు ఎంత ఇస్తుంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని అడిగి, ఇక ధర సంగతిలోకి దిగాడు. అతని భార్య ఏదో దవాఖానలో నర్సట, కారు నడిపేది ఆమేనట. ఆమె మాత్రం ఏమీ అడగకుండా అద్దంలోంచి స్టీరింగు వైపు చూస్తూ నిలబడింది. వాకిట్లో కుర్చీలో కూర్చున్న మా ఆయన అంతా విని, వస్తున్న దగ్గును ఆపుకుని, "గంతేనా బిడ్డా? ఇంకేం అడుగవా?" అన్నాడు. అబ్బాయి అర్థంకాక నవ్వాడు. నాకు మాత్రం ఈ కారు మా ఇంటికి వచ్చిన వానాకాలం కళ్లముందు కదిలింది.

మా ఆయన బొగ్గుబాయిలో భూమి కింద పనిచేశాడు. ఇక బాయి దిగడానికి ఊపిరితిత్తులు పనికిరావని డాక్టర్లు తేల్చాక, ఆయన నౌకరి మా ఒక్కగానొక్క బిడ్డకు వచ్చింది. ఆమెను ఊరికి చాలా దూరంగా, భూమిని పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు బాయిలో వేశారు. షిఫ్టు బస్సు మా కాలనీ వైపు వచ్చేది కాదు. స్కూటీ మీద పోయేది. ఆ రోడ్డు మీద పొద్దస్తమానం బొగ్గు టిప్పర్లే. వాన పడితే రోడ్డంతా నల్లటి జారుడుబండ. ఒకరోజు స్కూటీ జారి కిందపడింది. వెనకాల వస్తున్న టిప్పరు ఆమె చున్నీ కొసను తొక్కి ఆగింది. దెబ్బలు పెద్దగా తగల్లేదు, గీసుకుపోయిన మోచెయ్యి తొందరగానే మానింది. కానీ ఆ తర్వాత స్కూటీ తాళం పట్టుకుంటే చాలు, చెయ్యి వణికేది. సెలవు పెట్టింది. సెలవు అయిపోవస్తుండగా ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, "బాపూ, నేను నౌకరి ఇడిసిపెడ్త" అంది.

మా ఆయన చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు. తన ఊపిరి బాయిలో పెట్టి తెచ్చిన నౌకరి అది. ఆ మాట మాత్రం ఆయన ఎన్నడూ బిడ్డతో అనలేదు, అప్పుడూ అనలేదు. పెళ్లికి ముందు స్నేహితురాళ్లతో కలిసి ఆమె సరదాగా కారు నడపడం నేర్చుకుంది. ఆయన ఆ సంగతి గుర్తుచేసుకుని, పాతదైనా సరే ఒక కారు చూద్దామన్నాడు. మందమర్రిలో పనిచేసే అల్లుడు కూడా ఫోను చేసి సరేనన్నాడు. అందరం సరేనన్నాం గానీ, లోపల అందరికీ ఒకటే భయం. దారి మధ్యలో మొరాయించే కారు కన్నా అసలు కారు లేకపోవడమే నయం. ఆ టిప్పర్ల నడుమ ఒక్కసారి ఆగిపోయిందంటే, బిడ్డ మళ్లీ డ్యూటీ మొహం చూడదు.

నాకు అప్పటికి చదువు కొత్త. నేను అక్షరాలు నేర్చుకున్నది జుట్టు నెరవడం మొదలైన తర్వాత. మా కాలనీ కమ్యూనిటీ హాలులో మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు బడి పెట్టారు. పాఠం చెప్పే అమ్మాయి మా బిడ్డకన్నా చిన్నది, నేను పలక ఎత్తి చూపిస్తే చాలు, భలే అనేది. తెలుగు వచ్చింది, ఇంగ్లీషు అంకెలు వచ్చాయి, ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కూడా కూడబలుక్కునే దాకా వచ్చాను. ఇక ఉప్పు ప్యాకెట్టు నుంచి గోడ మీది సినిమా పోస్టరు దాకా ఏదీ వదిలేదాన్ని కాదు. కొత్తగా చదువు వచ్చినవాళ్లకు రాసి ఉన్నదంతా నిజమే అనిపిస్తుంది. ఎవరో కూర్చుని అంత కష్టపడి రాశారు కదా, అబద్ధానికి అంత కష్టం ఎందుకు పడతారు అనుకునేదాన్ని.

మా ఆయనది వేరే దారి. ఆయనకు సంతకం తప్ప రాత లేదు, రాతమీద నమ్మకం అంతకన్నా లేదు. బాయిలో షిఫ్టు మారేటప్పుడు ఒక పద్ధతి ఉండేదని చెప్పేవాడు. పైకి వచ్చేవాడు కిందికి దిగేవాడికి ఎదురుగా నిలబడి తాను పనిచేసిన చోటు సంగతి చెప్పాలి. ఎక్కడ కప్పు నుంచి పెచ్చులు రాలుతున్నాయి, ఎక్కడ నీళ్లు ఊరుతున్నాయి, కప్పుకు ఆనించిన ఏ దిమ్మె మూలుగుతోంది, అన్నీ. దిగేవాడు విని ఊరుకోకూడదు, విన్నదంతా తిరిగి చెప్పాలి. రిజిస్టరులో రాయడం ఆఫీసు కోసం, ఇది ప్రాణం కోసం. ఆయన బాయి విడిచి ఇంటికి వచ్చాడు గానీ, ఆ పద్ధతి కూడా ఆయనతోపాటే వచ్చింది. నేను బడికి పోతూ తాళంచెవి ఆయన చేతిలో పెడితే, పొయ్యి మీద ఏముంది, నీళ్లు ఎప్పుడొస్తాయి అని అడిగి, తిరిగి నాకే అప్పజెప్పి కానీ నన్ను గడప దాటనిచ్చేవాడు కాదు.

మొదటి కారును పెద్దపల్లిలో చూశాం. పాత కార్లు కొనిపించి, అమ్మించే ఒక బ్రోకరు మమ్మల్ని తన షెడ్డుకు తీసుకుపోయాడు. పొడుగ్గా, నూనె రాసిన జుట్టుతో, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఎర్ర కారు, అద్దంలా మెరుస్తోంది. దానితో పాటు సర్వీసింగు బిల్లుల ఫైలు ఇంత మందాన ఇచ్చాడు. నా ఆనందం చెప్పలేను. ఆ షెడ్డులోనే ఒక స్టూలు మీద కూర్చుని వేలు పెట్టి ఒక్కో బిల్లూ చదివాను. ఆయిలు మార్చారు, బ్రేకులు మార్చారు, కిలోమీటర్ల అంకెలు బిల్లు బిల్లుకూ పెరుగుతూ వచ్చాయి. బిడ్డ ఒక చుట్టు తిప్పి వచ్చి బాగానే ఉందంది. మా ఆయన మాత్రం దీన్ని నడిపిన మనిషి ఏడీ అని అడిగాడు. హైదరాబాదుకు వెళ్లిపోయాడట. ఫోను కలపమంటే బ్రోకరు తల గోక్కున్నాడు. మా ఆయన తువ్వాల భుజాన వేసుకుని బస్టాండు వైపు నడక సాగించాడు.  ఆ ఎర్ర కారు మంచిదో కాదో మాకు ఇప్పటికీ తెలియదు, మంచిదే అయి ఉండవచ్చు కూడా. ఇంటికి వచ్చాక, అన్నీ రాసి ఉన్న కాగితాలను కాదంటావేమని నిలదీశాను. "కాయితం ఏం బాగుచేసిన్రో చెప్తది. ఏం చెయ్యలేదో అది చెప్పదు" అన్నాడు.

తర్వాత చూసినవాటికీ అదే గతి పట్టింది. ఒకదాని యజమాని దుబాయిలో ఉన్నాడు, ఒకాయన ఊళ్లోనే ఉన్నా వచ్చి మాట్లాడే తీరిక లేదన్నాడు. ఇంకొకాయన వచ్చి, తన కారుకు పుట్టినప్పటి నుంచి ఏ లోపమూ లేదని ప్రమాణం చేశాడు. ఏ లోపమూ లేని చోటు బాయిలో ఉండదని మా ఆయన అతనికి దండం పెట్టి వచ్చేశాడు. బ్రోకరు నవ్వు మెల్లమెల్లగా తగ్గింది. ఒకరోజు ఇక ఉండబట్టలేక, "కాకా, నువ్వు కారు కొంటున్నవా, పిల్లనిస్తున్నవా?" అన్నాడు. మా ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "పిల్లనే ఎక్కిస్తున్న గద" అన్నాడు. బిడ్డకు మాత్రం కోపం వచ్చింది. రెండు రోజుల్లో సెలవు అయిపోతుందని, కారు లేదు నౌకరీ లేదు, ఇక వదిలేయండని తలుపు వేసుకుంది. ఆ మూసిన తలుపు వైపు మా ఆయన చూసిన చూపు నాకు బాగా గుర్తు. తన పట్టుదల తప్పేమోనని మొదటిసారి ఆయనకే అనుమానం వచ్చినట్టుంది.

మర్నాడు బ్రోకరు, ఇదే చివరిదని చెప్పి, రామగుండం స్టేషనుకు దగ్గరలో ఒక ఇంటికి తీసుకుపోయాడు. రేకుల షెడ్డు కింద ఈ తెల్ల కారు దుమ్ముపట్టి నిలబడి ఉంది. నడిపిన మనిషి చనిపోయి ఏడాది దాటింది. ఆ మాట వినగానే మా ఆయన కాళ్లు వెనక్కి తిరిగాయి. అప్పుడు లోపలి నుంచి ఆ చనిపోయినాయన భార్య వచ్చింది. నాకన్నా పెద్దది, తలమీద దుపట్టా సర్దుకుంటూ మాకు కుర్చీలు వేయించింది. అక్కా అన్నట్టు నేను ఆపా అని పిలిచాను. నడిపినాయన లేకపోతే కారు సంగతి ఎవరు చెప్తారని మా ఆయన గొణగడం ఆమె చెవిన పడింది.

"ఎందుకు భాయ్, నేను లేనా?" అంది. "ఆయన నడిపిండు, నేను ఎడమ దిక్కు కూసున్న. నడిపేటోళ్లు రోడ్డు సూస్తరు. పక్కన కూసున్నోళ్లకే బండి సప్పుడు వినవడ్తది."

మా ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. గట్టి వాన కొడితే ఎడమ కాలి దగ్గర నీళ్లు కారతాయి, ఎక్కడినుంచో ఎవరికీ అంతుపట్టలేదు, అందుకే అక్కడ ఎప్పుడూ ఒక పాత తువ్వాల ఉంటుంది. చలికాలం పొద్దున రెండో గేరు అలుగుతుంది. గుంజకూడదు, కాస్త ఆగి మళ్లీ అడిగితే పడుతుంది. ఎడమ ముందు తలుపు మార్చింది, ఒక పెళ్లికి పోతుంటే ఎడ్లబండి తగిలింది, సాయంత్రం ఎండలో చూస్తే రంగు తేడా తెలుస్తుంది. ఒక్కో మాటకూ బ్రోకరు తల అంగుళం కిందికి దిగుతోంది. మా ఆయన మొహం మాత్రం ఒక్కో మాటకూ వెలుగుతోంది. "ఇంకా?" అంటాడు, ఆమె ఇంకొకటి చెబుతుంది. చివరికి, ఆయన మంచాన పడ్డాక దీనికి సర్వీసింగే చేయించలేదని చెప్పింది. ఆయన్ని దవాఖానకు తిప్పడమే సరిపోయింది, కారు షెడ్డులోనే నిలబడిపోయింది, దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. బ్రోకరు ఇక ఆగలేక, ఇవన్నీ ఎందుకు ఆపా అన్నాడు. "దాచి అమ్మితే కలలకొచ్చి తిడ్తడు. ఉన్నన్ని రోజులు తిట్లు తిన్న, ఇంక నాతోని గాదు" అని ఆమె నవ్వింది. నవ్వుతూనే దుపట్టా కొసతో కళ్లు తుడుచుకుంది.

అప్పుడు నేను కాగితాలు అడిగాను. ఆమె తెచ్చిన బిల్లులను ఒడిలో పెట్టుకుని వేలితో చదువుకుంటూ పోయాను. కిలోమీటర్లు వరసగా పెరిగి, ఆయన మంచాన పడ్డ రోజుల దగ్గర బిల్లులు ఆగిపోయాయి. బిడ్డను పిలిచి కారు మీటరు చూసి చదవమన్నాను. చివరి బిల్లులోని అంకెకు అది కొంచెమే ఎక్కువ. నిలబడే ఉన్న కారన్నమాట నిజమే. నోటిమాటా, రాతా అంత చక్కగా కలవడం నేను మొదటిసారి చూశాను. మా ఆయన వైపు చూశాను, ఆయనా నా వైపే చూస్తున్నాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం.

ఆపా ఒప్పుకోగా కారును గోదావరిఖనిలో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాం. అతను జాకీ ఎక్కించి కింద దూరాడు, తుప్పు చూశాడు, ఇంజనులో ఆయిలు కొలిచే పుల్ల బయటికి తీసి మాకు చూపించాడు. ఎన్నాళ్లుగానో మార్చని ఆయిలు బెల్లం పాకంలా తీగ సాగింది. టైర్లు నాలుగూ ఒకేలా అరిగాయి, ఇంజను బాగుంది అన్నాడు. అయితే ఇంజను పక్కన ఎలుకలు గూడు పెట్టి ఒక వైరు కొరికేశాయని అనగానే, ఆపా ఇది చెప్పలేదేమని మా ఆయన మొహం చిన్నబోయింది. "ఆమె కూసున్నది సీట్ల, ఎలుకలు కూసున్నది ఇంజన్ల. ఆమెకెట్ల ఎరుకైతది కాకా?" అన్నాడు మెకానిక్. ఏమేం మార్చాలో చెప్పించుకున్నాం, మార్పించాం. ఆ నీళ్లు కారే చోటు మాత్రం అతనికీ దొరకలేదు.

తాళం తీసుకున్న రోజు మా ఆయన బిడ్డను ఆపా ఎదురుగా నిలబెట్టి, విన్నదంతా తిరిగి చెప్పమన్నాడు. బిడ్డ సిగ్గుతో బిగుసుకుపోయింది. నౌకరి చేసే పిల్లను బడిపిల్లలా నిలబెట్టాడని నాకే చిరాకేసింది. తర్వాత బిడ్డ తలవంచుకునే మొదలుపెట్టింది. వాన, తువ్వాల, రెండో గేరు, గుంజొద్దు, తలుపు. తలుపు మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు పెరిగింది. ఎలుకలను తనే కలిపి చెప్పి పకపకా నవ్వింది. తాళం ఆమె చేతిలో ఉంది. నేను ఆ చెయ్యినే చూస్తున్నాను. అది వణకలేదు.

సెలవు అయిపోయిన మర్నాడు మొదటి షిఫ్టుకు కారులో పోయింది. ధైర్యానికని నన్ను ఎడమ సీటులో ఎక్కించుకుంది. టిప్పర్ల రోడ్డు ఎక్కేసరికి వాన దంచికొట్టింది. నా ఎడమ కాలి దగ్గర చల్లగా తగిలింది. "కారుతున్నదా అవ్వా?" అంది బిడ్డ, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే. కారుతోందన్నాను. "ఆపా చెప్పింది గదా" అని, టిప్పరుకు దారిచ్చి, నిమ్మళంగా ముందుకు పోయింది. తర్వాత ఆ కారు ఎన్నిసార్లో అలిగింది గానీ, తెలియని కారణంతో ఒక్కసారీ అలగలేదు. బిడ్డ నౌకరి మానలేదు. పోయిన ఏడాది డంపరు నడిపే ట్రైనింగుకు పేరు ఇచ్చింది, ఎంపికైంది కూడా. ఇంటంత ఎత్తున్న బండి అది. ఎక్కేముందు ఇంతకుముందు షిఫ్టు నడిపిన మనిషిని ఆపి అన్నీ అడుగుతుందని, విసుక్కునేవాళ్లు విసుక్కుంటారని తనే చెప్పింది.

మొన్న ఆదివారం ఆ నర్సమ్మాయిని నేను చెయ్యిపట్టి డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, నేను ఎడమ పక్క కూర్చున్నాను. ఆపా చెప్పినవన్నీ చెప్పాను, ఆ తర్వాత చేరిన మావి కూడా కలిపాను. బయట మా బిడ్డ, ఇక ఈ బేరం పోయినట్టేనని, అచ్చం ఆ బ్రోకరులాగే తల దించుకుంది. అమ్మాయి మాత్రం సీటు ముందుకు జరుపుకుని శ్రద్ధగా విన్నది. నేను అడగకముందే, "వాన గట్టిగ కొడితే ఇటుదిక్కు నీళ్లు..." అంటూ తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. ఆపా ఇచ్చిన తువ్వాల ఎప్పుడో చిరిగిపోయింది, దాని చోట నేను పెట్టిన తువ్వాల కూడా పాతబడింది. దాన్ని దులిపి మళ్లీ అక్కడే పరిచాను. వాకిట్లో మా ఆయన దగ్గకుండా వింటున్నాడు. బండి దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు సంగతులన్నీ చెప్పి ముగించేదాకా, అంత తొందరగా పోయే కాలం కూడా కాసేపు పక్కన నిలబడి వింటుందేమో అనిపించింది.