వింజామర మర్యాద

మొన్న మధ్యాహ్నం అన్నం తిని టీవీ ముందు కూర్చుంటే ఇంగ్లండు పార్లమెంటు గురించి ఒక వార్త వచ్చింది. అక్కడ గెలిచిన సభ్యుడు మధ్యలో రాజీనామా చేయడానికి వీల్లేదట. పోదలచుకున్నవాడు రాజుగారి కొలువులో ఏదో పాతకాలపు ఎస్టేటుకు తనను అధికారిగా వేయమని అడుగుతాడట. ఆ ఉద్యోగానికి చేయాల్సిన పనేమీ లేదు, కానీ కొలువులో ఉన్నవాడు సభలో కూర్చోకూడదు కాబట్టి సీటు దానంతటదే ఊడిపోతుందట. మా కోడలు పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఎందుకంటే ఇదే నాటకాన్ని కోయంబత్తూరు పక్కన మా ఊళ్ళో మా నాయన మీద ఆడారు, కళ్ళారా చూసినదాన్ని నేను.

మా తెలుగువాళ్ళు ఆ ప్రాంతానికి ఎన్ని తరాల కిందట వచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు గానీ, వచ్చినప్పటి కట్టుబాట్లు మాత్రం ఒక్కటీ వదలలేదు. మా సంఘానికి ఒక చావడి, అందులో తగవులు తీర్చే పెద్దలు కొందరు ఉండేవారు, మా నాయన వాళ్ళలో ఒకడు. పెద్దరికం తీసుకునేవాడు అమ్మవారి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేయాలి, ఆమె ముందు పుచ్చుకున్నదాన్ని మనిషి తనంతట తాను వదులుకోకూడదు. వయసు మీదపడి కూర్చోలేనివాళ్ళ కోసం మా పూర్వీకులు ఒక దారి పెట్టారు. అమ్మవారికి వింజామర విసిరే మర్యాద ఇస్తారు, వింజామర పట్టిన చేయి తగవుల్లో వేలు పెట్టకూడదు గనుక ఆ మనిషికి చావడి బాధ్యత తీరిపోతుంది. మంచి మనసుతో పెట్టిన ఏర్పాటే అది, చెడగొట్టింది తరవాతివాళ్ళు.

చావడి పక్క గదిలో సాయంత్రం పూట తెలుగు బడి నడిచేది. పోదనూరు రైల్వే కాలనీలో స్థిరపడిన గుంతకల్లు పంతులుగారొకాయన సైకిల్ తొక్కుకుంటూ వచ్చి చెప్పేవారు. ఆయనను బతిమాలి తెచ్చింది మా నాయనే. నాయన చదివింది తమిళ బడి, నోట్లో ఉన్న తెలుగు కాగితం మీద కనిపిస్తే గుర్తుపట్టలేకపోయేవాడు. ఆ లోటు ఆయనను ఎంత బాధించిందంటే, జిన్నింగు మిల్లు నుంచి వచ్చి, ఒంటికి అంటుకున్న దూది దులుపుకుని, పిల్లల వెనక గోడకు ఆనుకుని కూర్చుని నాతోపాటు గుణింతాలు దిద్దేవాడు. మా అమ్మ తరఫు వాళ్ళు దానికి ఎన్ని ఎగతాళి మాటలు అన్నారో, ఆయన ఒక్కటీ పట్టించుకోలేదు.

అలాంటి గదిని తిరుప్పూరు వ్యాపారులకు నూలు మూటలు పెట్టుకోవడానికి బాడుగకు ఇవ్వాలని పెద్దలు తీర్మానించారు. బడి ఎక్కడ పెట్టాలని నాయన అడిగితే, ఇంట్లో మాట్లాడుకునే భాషకు బడి దేనికని నవ్వారట. ఆ గది పోతే నేనూ పోతానని ఆయన చెప్పి వచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే పెద్దలందరిలోకీ పెద్దాయన తమలపాకులూ అరటిపళ్ళూ పళ్ళెంలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"పోతాననే మాట మనలో లేదు తమ్ముడూ. వింజామర పట్టుకో, మరియాదగా వొదిలేస్తాము."

"నాకు మరియాద వొద్దన్నా. ఎందుకు పోతా ఉండానో పదిమందికి చెప్పనీ, చాలు."

"తిరునాళ్ళ నాడు చెప్పుకో, ఎవురు వొద్దంటారు?"

నాయన నమ్మాడు. చెప్పాల్సిన నాలుగు మాటలు పెరట్లో నడుస్తూ వల్లెవేసుకోవడం నేను విన్నాను. మాట్లాడే భాషను పిల్లలు చదవలేకపోతే అది ఇంకో రెండు తరాలకు వంటింట్లోనే ఉండిపోతుందని, తన గతి వాళ్ళకు రాకూడదని, ఆ గది పిల్లలకు వదిలిపెట్టమని, అంతే.

తిరునాళ్ళ రోజు ఊరంతా చావడి ముందు చేరింది. మెడలో దండ పడింది, వెండి పిడి వింజామర చేతికొచ్చింది, నాయన గొంతు సవరించుకున్నాడు. పెద్దాయన వేలు ఎత్తాడు, గట్టిమేళం మొదలైంది. మర్యాద అందుకున్నాక మేళం మోగాలన్నది ఆచారమేనట, మోగినంతసేపూ ఎవరూ మాట్లాడకూడదట. నాయన మాట్లాడాడు. ముందు వరుసలో కూర్చున్న నాకు పెదాలు కదలడం కనిపించింది, ఒక్క మాటైనా వినిపిస్తే ఒట్టు. మేళం ఆగేసరికి జనం విస్తళ్ళ వైపు లేచారు. పొమ్మనలేక పొగబెట్టడం విన్నాం గానీ, పోయేవాడి నోరు పూలదండతో మూయడం అక్కడే చూశాను.

వచ్చినవాళ్ళంతా ఆయనను అభినందించారు. ఇంత గౌరవం జరిగినా ముఖం చిట్లించుకున్నాడని వెనక అనుకున్నారు కూడా. "దండ ఏయించుకోని వొచ్చి ఇంట్లో ముగం మాడిస్తే ఎట్లా?" అని అమ్మ కూడా అంది, పాపం ఆమెకు నిజంగానే సంతోషంగా ఉండింది. వారం తిరగకుండా గదిలోకి నూలు మూటలు చేరాయి. ఆ తరవాత ఆదివారాల్లో నాయన నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని పంతులుగారి ఇంటికి తీసుకెళ్ళేవాడు కాబట్టి నాకు ఈ నాలుగు ముక్కలు రాయడం వచ్చింది. మిగతా పిల్లలను తీసుకెళ్ళేవాళ్ళు లేరు. నాయన పోయినప్పుడు సంతాపసభలో ఆయన వింజామర గురించే అందరూ మాట్లాడారు, బడి ఊసెత్తినవాడు లేడు.

ఇప్పుడు కట్టుబాట్లు మారాయి. ఆడవాళ్ళకూ చోటివ్వాలని సంఘం కమిటీలో నన్ను వేశారు, కర్పూరం లేదు, ప్రమాణం లేదు, వద్దనుకుంటే వాట్సాప్‌లో ఒక మాట పెడితే చాలు. మళ్ళీ తెలుగు బడికి ఒక గది అడిగి అడిగి, చూద్దాం చూద్దామనే జవాబు విని విని విసిగిపోయి, పోయిన నెల నేనూ రాజీనామా పంపాను. ఎందుకు పోతున్నానో అచ్చ తెలుగులో, నాయన పెరట్లో వల్లెవేసుకున్న మాటలతోనే రాశాను. గంటకల్లా కార్యదర్శి కుర్రవాడు ఫోన్ చేశాడు. ఎంతో మర్యాదస్తుడు, మాకు దూరపు చుట్టం.

"అత్తా, మీ మెసేజు వొచ్చింది. మాలో ఎవురికీ తెలుగు చదివేకి రాదు కదా. ఏమి రాసుండారో నోటితో చెప్పేయండి, తమిళ్‌లో టైప్ చేసుకుంటాను."

తెలుగు కోసం రాసిన ఆ మాటలను తమిళంలో టైప్ చేయించబుద్ధి కాలేదు. పోతున్నానని రాశాను అబ్బాయీ, అంతే, అన్నాను. ఆనాడు నాయన మాట జనం చెవిన పడకుండా చేయడానికి అంత మేళం కావలసి వచ్చింది. ఈ రోజు అదే మాట ఆ కమిటీలో అందరి చేతుల్లోని ఫోన్లలోనూ ఉంది, దాన్ని ఎవరూ ఆపనక్కర్లేదు.