నేల మీద పెట్టిన ఉప్పు గిన్నె

మా చిన్నప్పటి వాకిలి ఎర్రమట్టిది... కాకినాడలో కాదండోయ్, బోట్స్వానాలో! దక్షిణాఫ్రికా సరిహద్దు దగ్గర ఒక చిన్న పల్లెటూరు. నాన్న అక్కడి బడిలో లెక్కల మాస్టారు.

పక్కింటి ముసలావిడను కూకూ అనేవాళ్ళం, అంటే మామ్మ అని. వాకిలంతా పేడతో అలికి, తడి ఆరకముందే వేళ్ళతో వంకీలు గీసేది. నా చెయ్యి పట్టుకుని నాకూ నేర్పింది. "అచ్చం మన ముగ్గే!" అని అమ్మ మురిసిపోయేది. ఎవరికేమిచ్చినా రెండు చేతులతో ఇవ్వాలని, తీసుకునేటప్పుడూ అంతేనని కూడా ఆవిడే నేర్పింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు... ఒక మధ్యాహ్నం కూకూ ఉప్పు కోసం వచ్చి రెండు చేతులూ చాచింది. నేనేమో గిన్నె తెచ్చి ఆ చేతుల్లో పెట్టకుండా గుమ్మం ముందు నేల మీద పెట్టాను. ఉప్పు చేతికిస్తే తగాదాలొస్తాయని అమ్మ చెప్పింది మరి!

కూకూ గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. తీసుకోకుండానే వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి అలికేటప్పుడు నన్ను పిలవలేదు.

సంగతేమిటో వాళ్ళమ్మాయి చెప్పింది. కూకూ వయసులో ఉండగా సరిహద్దు అవతల తెల్లవాళ్ళ ఇళ్ళలో పని చేసిందట. చెయ్యి తగలకూడదని వాళ్ళు కంచం నేల మీద పెట్టేవారట...

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళనే?" అని అమ్మ ఏడ్చింది కానీ, వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. నాలుగడుగుల దూరం! నెల తిరక్కుండానే నాన్నకు బదిలీ అయింది. మా సామాన్ల లారీ కదులుతుంటే కూకూ వాకిలి అలుకుతూ ఉంది. తలెత్తలేదు.

ఇప్పుడు అజ్మాన్‌లో ఉంటున్నాం, అమ్మ నా దగ్గరే. కరోనా అప్పటి అలవాటు... ఏ సరుకొచ్చినా "తలుపు దగ్గర పెట్టేయ్ భయ్యా, ఖలాస్" అంటాను. మొన్న ఎదురు ఫ్లాట్‌లో కొత్తగా దిగిన జింబాబ్వే అమ్మాయి తలుపు కొట్టింది. కాస్త ఉప్పు కావాలట. నా బుద్ధి మండ, గిన్నె పట్టుకున్న చెయ్యి తనంతట తానే చెప్పుల స్టాండు మీదికి పోయింది!

"చేతికివ్వవే... చేతికివ్వు." వెనక నుంచి అమ్మ గొంతు.

రెండు చేతులతో ఇచ్చాను. ఆ అమ్మాయి మర్యాదగా మోకాళ్ళు కాస్త వంచి, రెండు చేతులతోనే అందుకుంది. తలుపు వేశాక అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

ఈ రోజుల్లో అందరూ అన్నీ గుమ్మం ముందే పెట్టి పోతున్నారు, ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. కూకూ అనుకుంది... మీ చిన్నతనంలోనూ చాచిన చేతుల్లో పెట్టకుండా కింద పెట్టినదేమైనా ఉందా? ఉంటే ఇక్కడ రాయండి. కానీ ఆ మనిషి ఇంకా ఉంటే, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి.