ఆమె చేతిలో బీగం

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవాణ్ణి నేను. ఇప్పటికీ అంతే. మిట్టేమరి దారిలో శ్మశానం పక్కనే మా చేను. ఎన్నో ఏళ్లు ఒంటరిగా నీళ్లు కట్టాను, ఏదీ నా జోలికి రాలేదు. ఇది చదివి ముసలాడికి మతి పోయిందనేవాళ్లు ఇక్కడితో ఆపేయండి.

మొన్న మా మనవడి స్నేహితుడు, కాలేజీలో ఇంగ్లీషు చెప్పే అయ్యవారు, పాత ఇంగ్లీషు దయ్యాల నవలలన్నీ పొద్దుపోని దొరసానుల కోసం రాసినవని అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అందులో ఒకదాన్ని నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని, మాటా మాటా కూడబలుక్కుని చదివాను. దాని పేరు చెప్పను. చెబితే చదివినవాళ్లు నాతో వాదానికి వస్తారు.

అందులో కోట, గబ్బిలాలు, గోడల్లోంచి ఏడుపులు అన్నీ ఉన్నాయి. అవి ఉత్త ఆర్భాటం. నిజమైనది ఒక్కటే. అన్న భార్యను వెనక గదిలో పెట్టి, బయట బీగం వేసి, చచ్చిపోయిందని ఊరికి చెప్పిన పెద్దమనిషి. అలాంటివాడు ఉండడానికి కోట అక్కర్లేదు.

చింతామణిలో మాకు వేరుశనక్కాయల మండీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. కన్నడ బడిలో నాలుగో తరగతితో నా చదువు ఆగింది. ఇంగ్లీషు సొంతంగా నేర్చుకున్నాను. ఆ పుస్తకం చిక్కబళ్ళాపురం సంతలో పాత కాగితాలమ్మేవాడి దగ్గర దొరికింది. అట్ట లేదు. పేజీల అంచులు అచ్చాఫీసులో కోయకుండా వదిలేసినవి, మడతలుగానే ఉన్నాయి. చదివేకొద్దీ కత్తితో కోసుకోవాలి.

భర్త పోయాక అక్క మా ఇంట్లోనే ఉండేది. ఆమెకు చదువు రాదు. సాయంత్రాలు కాయలు వలుస్తుంటే రోజుకు కొన్ని పేజీలు తెలుగులో చెప్పేవాణ్ణి. తను లేకుండా ముందుగానే పేజీలు కోస్తే ఒప్పుకునేది కాదు. “నువ్వు ముందే చూసుకోని నాకు నిదానంగా చెప్తే ఏం బాగుంటాదిరా? భయపడితే ఇద్దరమూ ఒకేసారి భయపడదాం” అనేది.

చివరి ఇరవై పేజీలు మిగిలాయనగా మా వీధిలో ఎలుకలు చచ్చి పడ్డాయి. ప్లేగు.

ఎలుకలు పడితే ఊరు ఖాళీ చేయడం అప్పటి పద్ధతి. ఒక్క పూటలో వీధి వీధంతా కైవారం దారిలో చేలల్లో గుడిసెలు వేసుకుంది. పైకప్పు పెంకులు కొన్ని తీసి, లోపల ఎండ పడేట్టు చేసి, ఇళ్లకు బీగాలు వేసి వచ్చాం. మళ్లీ ఇంట్లో అడుగు పెట్టకూడదు. ఆ తొందరలో పుస్తకం అటక మీదే మరిచాను.

నాలుగో రోజు అక్కకు చంకలో గడ్డ లేచింది.

జబ్బు మనిషికి దూరంగా వేరే గుడిసె వేస్తారు. జ్వరం తలకెక్కితే లేచి పరుగెత్తుతారని తడికెను బయటినుంచి తాడుతో కడతారు. కట్టింది మా నాయనే. కట్టి, చేతులు కడుక్కుని, నా ముఖం చూడకుండా వెళ్లిపోయాడు. నేనూ ఆ తాడు విప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం గంజి చెంబు తడికె కిందినుంచి తోస్తుంటే లోపలినుంచి అడిగింది.

“ఒరే, ఆయమ్మ బయటికొచ్చిందా?”

“ఏ ఆయమ్మక్కా?”

“కోటలో ఆయమ్మరా. ఆ ముదనష్టపోడు బీగమేసినాడే.”

చదవలేదని చెప్పడానికి నోరు రాలేదు. “వచ్చిందక్కా” అన్నాను.

“అంటే నన్ను మోసం జేసి ముందే చదివేసినావు. దొంగ సచ్చినోడా. ఎట్లొచ్చింది? చేతిలో ఏం తెచ్చుకునింది?”

“ఏమీ లేదు. బీగం పట్టుకోని వచ్చింది.”

“బీగమెందుకురా?”

“మళ్లీ ఎవురికీ వేయకుండా.”

తడికె వెనక నవ్వింది. తరవాత దగ్గు. తెల్లారేసరికి పోయింది.

మూడు నెలలకు ఇల్లు తెరిచాం. అటక మీద పుస్తకం దుమ్ము కొట్టుకుని ఉంది. చివరి పేజీల మడతలు మడతలుగానే ఉన్నాయి. నేనే కత్తి పెట్టి కోశాను. డిక్షనరీ తెచ్చుకుని కూర్చున్నాను.

ఆమె బయటికి వచ్చింది. చేతిలో బీగం ఉంది. ఇక దాన్ని ఏ తలుపుకూ వేయనివ్వనని ఆమె చెప్పే మాట కూడా ఉంది. మూడుసార్లు చదివాను. పుస్తకం మూసి పెట్టె అడుగున పెట్టాను.

కొన్నేళ్లకు బెంగళూరులో పాత పుస్తకాల అంగట్లో అదే నవల కనబడింది. అదే అచ్చు, అవే పేజీ అంకెలు. నిలబడే చివర చదివాను. అందులో ఆమె బయటికి రాదు. ఎవరో తలుపు పగలగొట్టేసరికి గడప దగ్గర పడి ఉంటుంది. బీగం తలుపుకే ఉంటుంది. తరవాత చూసిన ఇంకో ప్రతిలోనూ అంతే.

కాలేజీ అయ్యవారికి ఇది చెబితే “అప్పుడు మీకు ఇంగ్లీషు సరిగా వచ్చి ఉండదు తాతా” అన్నాడు. చేయి, బీగం, బయట. ఈ మూడు మాటలు తెలియకుండానే అంత పుస్తకం చదివానా నేను? పెట్టె తెరిచి ఒకసారి చూద్దామన్నాడు. ఇంట్లోంచి నడవమన్నాను.

పెట్టె నా మంచం కిందే ఉంది. ఆ రోజు మూసిన పుస్తకం మళ్లీ తెరవలేదు. నేను చదివింది ఆ పేజీల్లోకి ఎట్లా వచ్చిందో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. దయ్యమంటే నాకు భయం లేదు. తెరిస్తే అందులోనూ ఆమె గడప దగ్గరే పడి ఉంటుందేమోనని భయం.

తాడు ఎలాగూ విప్పలేదు. అక్కకు చెప్పిన ఆ ఒక్క మాటైనా నిజమై ఉండాలి.