ట్యాంకు మూత మీది స్క్రూ: బార్నెగాట్ బేలో మా అల్లుడి పడవ

మా అమ్మాయి రూతు పురుటికని మా ఆవిడా నేనూ న్యూజెర్సీలోని పిస్కాటవే వచ్చి నాలుగు నెలలైంది. రూతు నర్సు. అల్లుడు ప్రభాకర్ గారు మందుల కంపెనీ ల్యాబులో కెమిస్టు. బంగారంలాంటి మనిషి! కానీ ఈ నాలుగు నెలల్లో మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు "భోంచేశారా మామయ్యగారూ", "చేశాను బాబూ", అంతే. ఆయన నాకు గౌరవమిస్తారు, నేను ఆయనకు మర్యాదిస్తాను. ఇంక మాటలకు చోటెక్కడ?

ఇంటి వెనక నీలం పట్టా కప్పిన పద్నాలుగడుగుల అల్యూమినియం పడవ ఉంది. దాని వెనక తగిలించడానికి ఒక పాత మోటారు. నేను చదివింది ఐదో తరగతే అయినా మచిలీపట్నం రేవులో ముప్ఫై ఏళ్లు లాంచీ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. ఈమధ్య మా నావలకు ఇలాంటి మోటార్లు వస్తే వాటినీ విప్పాను. ఈ మోటారేమో వరుసగా మూడు శనివారాలు నీళ్ల మధ్య ఆగిపోయిందట. మూడుసార్లూ ఎవరో తాడు కట్టి లాక్కొచ్చారు. షాపుకిస్తే వాళ్లు తమ ట్యాంకు తగిలించి నడిపి చూసి, మోటారు బ్రహ్మాండంగా ఉందని తిరిగిచ్చారు. అల్లుడుగారు విసిగిపోయారు. "ఎడిసన్‌లో ఒకాయన కొంటానంటున్నాడు. ఈ శనివారం కూడా ఆగిందా, సాయంత్రమే ఆయనకి ఫోన్ చేసి ఇచ్చేస్తాను" అని రూతుతో అనడం విన్నాను. పది రోజుల్లో మా తిరుగు ప్రయాణం. ఆ పడవ పోతే మేమిద్దరం కలిసి కూర్చునే చోటే ఉండదు. "నేనూ వస్తాను బాబూ" అనేశాను. పాపను వాళ్లమ్మమ్మకు అప్పజెప్పి రూతు కూడా బయల్దేరింది.

ఉదయం ఐదింటికి స్టేషన్ వ్యాగన్‌కు పడవ బండి తగిలించుకుని కదిలాం. మీరూ వెళ్లేటట్టయితే ఇదే మంచి వేళ, రోడ్డు ఖాళీగా ఉంటుంది. గార్డెన్ స్టేట్ పార్క్‌వే పట్టుకుని దక్షిణానికి పోవాలి. కారు ఒక్కటే అయితే టోలు దగ్గర పావు డాలరు బిళ్ల బుట్టలోకి విసిరితే చాలు. వెనక పడవ ఉంటే మాత్రం మనిషి కూర్చున్న వరసలో ఆగి ఇవ్వాలి. గంటన్నరలో బార్నెగాట్ బే ఒడ్డున వేర్‌టౌన్‌లో దిగాం. రేవు పక్కన ఎరల కొట్టు ఉంది. నాలుగు డాలర్లకు ఎర, ఐసు ఇచ్చారు. పడవ దింపడానికి ఇంకో మూడు డాలర్లు. కొట్టు ముసలాయన చెప్పింది రూతు నాకు తెలుగులో చెప్పింది: "ఆటు మొదలైందట నాన్నా. నీళ్లు సముద్రపు మొగ వైపు లాగుతాయట. మధ్యాహ్నానికి ఇసుక దిబ్బలు పైకి తేలతాయట."

పడవ దింపుతుండగానే నా కళ్లు ఎర్రటి పెట్రోలు ట్యాంకు మీద పడ్డాయి. మూత మీద చిన్న స్క్రూ ఉంటుంది. కారులో వాసన రాకుండా దాన్ని బిగిస్తారు, నీళ్లలో వదులు చేయాలి. పెట్రోలు బయటికి పోయేకొద్దీ ఆ సందులోంచి గాలి లోపలికి వెళ్లాలి. గాలి వెళ్లకపోతే కాసేపటికి పెట్రోలు రావడం మానేస్తుంది. ఆ స్క్రూ గట్టిగా బిగించి ఉంది!

"బాబూ, ఆ ట్యాంకు మూత..."

"మీరు కూర్చోండి మామయ్యగారూ. బట్టలకి ఆయిలంటుకుంటుంది" అన్నారు అల్లుడుగారు.

నోరు మూసుకున్నాను. అల్లుడికి, అదీ భార్య ఎదుట, తప్పు చూపించే అలవాటు మా ఇళ్లలో లేదు. తర్వాత ఆయనే తిప్పుతారులే అనుకున్నాను. రూతు చిన్న ప్రార్థన చేసింది, లైఫ్ జాకెట్లు తొడుక్కున్నాం, కదిలాం. ఆహా, ఏం నీళ్లు! ఏం గాలి! దూరంగా, సముద్రపు మొగ దగ్గర, ఎరుపూ తెలుపూ లైట్‌హౌసు. ఇరవై నిమిషాలు హాయిగా నడిచిన మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

అల్లుడుగారు తాడు లాగారు. మళ్లీ లాగారు. పెట్రోలు గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి ఉంటుంది, అది అప్పడంలా అణిగిపోయి ఉంది. చొక్కా తడిసి ముద్దయింది ఆయనకి. లైట్‌హౌసు దగ్గరవుతోంది. మేం నడపకుండానే!

"అయిపోయింది. సాయంత్రం అమ్మేస్తాను. దరిద్రం వదిలిపోతుంది" అని చతికిలబడ్డారు.

రూతు నా వైపు తిరిగింది. "నాన్నా, నీకు తెలుసు కదా?"

"నాకేం తెలుసమ్మా..."

"నీ మొహం నాకు తెలీదా! ఇందాకట్నించీ ఆ ట్యాంకునే చూస్తున్నావ్. మీ మర్యాదలు తగలెయ్య! సముద్రంలోకి పోతున్నాం ఇక్కడ!"

వంగి స్క్రూ రెండు చుట్లు తిప్పాను. బుస్సున గాలి లోపలికి పోయింది. రబ్బరు బుడ్డి గట్టిపడేదాకా నొక్కాను. "ఇప్పుడు లాగండి బాబూ" అన్నాను. ఒక్క లాగుకే మోటారు అందుకుంది! అల్లుడుగారు ముందు పడవను ఒడ్డు వైపు తిప్పారు, తర్వాత నా వైపు చూశారు.

"ఎప్పుడు చూశారు ఇది?"

"రేవులోనే."

"రేవులోనే చూసి ఇంత దూరం నోరు మూసుకుని కూర్చున్నారా? మనం మునిగిపోతే మర్యాద ఏం చేసుకుంటారు మామయ్యా!"

పెళ్లయిన ఆరేళ్లలో ఆయన నన్ను కసిరింది అదే మొదలు. 'గారు' కూడా ఎగిరిపోయింది. రూతు నవ్వాపుకోలేక నీళ్ల వైపు తిరిగింది. నేను తలొంచుకుని "తప్పే బాబూ" అన్నాను. కానీ లోపల ఎంత చల్లగా ఉందో ఏం చెప్పను!

ఒడ్డు దగ్గరి నెమ్మది నీళ్లలో గాలాలు వేసి మధ్యాహ్నంలోపు నాలుగు ఫ్లూక్ చేపలు పట్టాం. అవి మన నాలుక చేపల్లా బల్లపరుపుగా ఉంటాయి. పెరుగన్నం, ఆవకాయ తిని తిరుగుముఖం పట్టాం. రేవు కనిపిస్తుండగా అడుగున గరగరమని ఇసుక తగిలింది. లోతులోకి తెడ్డుతో నెట్టుకొచ్చాం. మోటారు పెద్దగా అరుస్తోంది, పడవ మాత్రం అంగుళం కదలదు.

"మామయ్యా, ఏంటిది? ఈసారి దాచకుండా చెప్పండి."

"దాచను బాబూ. ఇంజను తిరుగుతోంది, నీళ్లలో దాని ఫ్యాను తిరగట్లేదు. పిన్ను విరిగుంటుంది. ముందు మోటారు ఆపండి, స్పార్క్ ప్లగ్ వైరు కూడా పీకండి. మీరు ఫ్యాను పట్టుకున్నప్పుడు పొరపాటున తిరక్కూడదు."

"చెప్తూ ఉండండి, నేను చేస్తాను."

మోటారును పైకి లేపి, స్ప్లిట్ పిన్ను ప్లయర్స్‌తో లాగి, నట్టు విప్పి ఫ్యాను బయటికి తీశారు. ఇరుసుకు చుట్టుకున్న గాలం దారం కోసి పారేశారు. వెనకున్న ఇత్తడి పిన్ను మూడు ముక్కలైంది. ఫ్యాను దేనికైనా కొట్టుకుంటే లోపలి పళ్లచక్రాలు పాడవకుండా ముందు అదే విరగాలి. వేరే పిన్ను లేదు. ఎర తెచ్చిన చెక్కపెట్టెలోంచి సరిపడే మేకు పీకి, కొలత చూసి చివర తుంచమన్నాను.

"మేకు ఇత్తడికంటే గట్టిది బాబూ. మళ్లీ దేనికైనా తగిలితే ఇది విరగదు, పళ్లే పోతాయి. నడిచినంత వేగంతోనే పోనివ్వండి."

అలాగే పోనిచ్చారు. పదిహేను నిమిషాల్లో రేవు! ఎవరి తాడూ అక్కర్లేకుండా!

పడవను బండి మీదికి ఎక్కించగానే అల్లుడుగారు కొట్టు పక్కనున్న ఫోన్ బూత్‌లోకి వెళ్లారు. ఎడిసన్ ఆయనకే అనుకున్నాను. గాజు తలుపు సరిగ్గా మూసుకోలేదు. "నో, నో. సారీ. బోట్ నాట్ ఫర్ సేల్" అన్న ముక్క ఇంగ్లీషులోనే అయినా నాకు స్పష్టంగా అర్థమైంది. దేవునికి స్తోత్రం చెప్పుకుంటూ, కంగారులో కనిపించిన తాడు పడవకు చుట్టేస్తున్నాను. వెనకనుంచి కేక వినిపించింది.

"అబ్బా, అలా కాదు మామయ్యా! జారిపోతుంది. తప్పుకోండి, నేను కడతాను!"

తప్పుకున్నాను. ఆ మాట విన్న సంతోషంతో రెండడుగులు ఎక్కువే తప్పుకున్నాను.

ముప్ఫై ఏళ్లలో ఎన్నో ఇంజన్లు బాగుచేశాను. ఎక్కడ బిగుసుకుందో చూసి కొంచెం వదులు చేస్తే చాలావరకు అవే నడుస్తాయి. ఇంటికి తిరిగొచ్చే గంటన్నరా అల్లుడుగారు మాట్లాడుతూనే ఉన్నారు, నేను అడ్డం పడి కాదంటూనే ఉన్నాను, రూతు వెనకసీట్లో ఆదమరిచి నిద్రపోయింది. వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి మోటారు నా చేతికిస్తారట! పిల్లల దగ్గరికొచ్చి నాలాగే మర్యాదగా కూర్చున్న పెద్దలెవరైనా ఈ దారిన వెళ్తే నేను చెప్పేది ఒక్కటే. మోటారు తాడు లాగేముందు ట్యాంకు మూత మీది స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి. అది బిగిసి ఉండటం చూసింది మీరైతే, రేవులోనే చెప్పేయండి.