నది ఉన్న దేశంలో ఆకలి

మా మరిది కూతురు విజయకుమారి ఇథియోపియాలో టీచరు ఉద్యోగానికి ఒప్పుకున్నది ఒక్క కారణానికే: ఆ దేశంలో పెద్ద నది పుడుతుందట. అదే ఏడు దాని ఆడపడుచు ఇందిరకి బోట్స్‌వానాలో నర్సు పని దొరికింది. అది ఎడారి దేశం. "ఇందిర ఆ ఇసకలో ఎలా బతుకుద్దో!" అని జాలిపడ్డాం. రాజోలు తాలూకాలో పుట్టినవాళ్ళం, నది ఉన్నచోట ఆకలుంటుందంటే ఎవరం నమ్ముతాం?

ఎనభై అయిదు వేసవిలో ఇద్దరూ సెలవుకి వచ్చారు. ఇందిర ఒళ్ళు చేసింది. విజయని నేను పోల్చుకోలేకపోయాను.

"జబ్బు చేసిందేంటే?"

"లేదు పెద్దమ్మా. నాకు జీతముంది, తిండుంది. ముద్ద దిగేది కాదు."

వానలు పోయి, ఎడ్లనమ్ముకుని జనం రోడ్డెక్కారట. క్లాసులో బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయట. ఓ పొద్దుట బడి గేటు దగ్గర తన క్లాసు పిల్ల ఒకతి గోడకానుకుని కూర్చుని ఉందట. లేవమని భుజం తట్టిందట. ప్రాణం లేదు.

గింజలు తీస్తున్న చింతపండు చేట పక్కకి నెట్టేశాను.

"మరి మీ ఎడారిలో ఎంతమంది పోయేరే?" అన్నాను ఇందిరతో.

"అక్కడా నాలుగేళ్ళుగా వానల్లేవండి. ఆవులు పోయేయి. నేనున్న చోట మనిషన్నవాడు ఆకలితో పోలేదండి. వాన రాదని తెలియగానే గింజలు తెప్పించి ఊరూరా ఉంచేరు. చంటిపిల్లల్ని నెలనెలా తూస్తాం. బరువు తగ్గితే ఆ ఇంటికి తిండి పంపుతాం."

"మీవాళ్ళేం చేసేరే విజయా?"

"యుద్ధం చేసుకున్నారు పెద్దమ్మా. కరువుందని నోరెత్తితే తప్పన్నారు."

నాకు మతిపోయింది. వాన ఎగ్గొడితే రెండుచోట్లా ఎగ్గొట్టింది కదా!

విజయ మళ్ళీ వెళ్ళలేదు. మా చర్చి ఆడవాళ్ళం ఎసట్లో బియ్యం పోసేటప్పుడల్లా దేవుడి పేర ఓ గుప్పెడు పక్కన తీసి ఆదివారం తెస్తాం. వాటిని వేలం వేస్తారు. ఓ ఆదివారం విజయ లేచి, "ఇకనుంచి అమ్మొద్దండి. చర్చి మేడగదిలో డ్రమ్ముల్లో పోసి ఉంచుదామండి" అంది.

సంఘపెద్ద సాలమోనుగారు నవ్వారు. "ఇది ఆఫ్రికా కాదమ్మా. చుట్టూ గోదారి."

"గోదారుంటే చాలదండి."

"పురుగు పట్టదా?"

"పాతవి వండేసి కొత్తవి పోద్దామండి."

"ఏం, మన ఊరికీ కరువు రావాలనా?"

విజయ తల అడ్డంగా ఊపింది. "ఇంకో పిల్లనలా చూడలేనండి" అంది. నేను లేచాను.

"సాలమోనుగారూ, గుప్పిళ్ళు మావండి. మీరెప్పుడైనా ఎసట్లో బియ్యం పోసిన పాపాన పోయేరా?"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. డ్రమ్ములొచ్చాయి.

మరుసటేడు ఆగస్టులో గోదారి గట్టు తెగింది. నిలువెత్తు నీళ్ళు. ఊరంతా చర్చి మేడెక్కాం. ఇళ్ళలో గాదెలు మునిగి ధాన్యం మొలకెత్తింది. కళ్ళ ముందు సముద్రమంత నీరు, ఎవరింటా పొడి గింజ లేదు. కోనసీమలో పిల్లలు అన్నానికేడవడం నా బతుకులో మొదటిసారి విన్నాను.

విజయ ఇటుకలు పేర్చి గంజి కాచింది. సాలమోనుగారు గిన్నె పట్టుకుని ముందుకొస్తే, "ముందు పిల్లలకండి" అంది.

"ఆయ్" అని ఆయన వెనక్కి తగ్గారు.

డ్రమ్ముల అడుగు కనబడ్డ రోజున సర్కారు పడవ వచ్చింది. ఇంకో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదని విజయని అడగబోయి, దాని మొహం చూసి, డ్రమ్ములు కడగడానికి లేచాను.