మైకు జీతం

ఎనభైలలో ఒక ఎన్నికకు ఇరవై రోజులు జీపులో మైకు పట్టుకుని ఓట్లడిగాను. కూలీ ఇస్తారేమోనని భయపడి, ముందే "ఇది నా సేవ" అనేసినంత మేధావిని నేను. అభ్యర్థి నన్ను కౌగిలించుకున్నాడు. ఎందుకో తర్వాత ఆళ్లగడ్డ బస్సులో తెలిసింది.

నంద్యాలలో ఎక్కి పక్కన కూర్చున్న పెద్దాయన, నేను కండక్టరును టికెట్ అడగ్గానే గొంతు గుర్తుపట్టాడు.

"జీపులో అరిచింది నువ్వే గదప్పా?"

నేను పొంగిపోయాను.

"ఆయప్ప ఎన్నిక ఖర్చులు టైపు కొట్టింది నేనే. చందాల దుడ్లలో మైకు జీతం పెద్దల్లుని పేరున రాయించినాడు."

"అల్లుడు మైకు ముట్టనే లేదే! తప్పు గాదా అన్నా?"

"అల్లునికి ఇయ్యగూడదని రూలు యాడుందప్పా?" అంటూ జేబులోంచి శొంఠిముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "నమలు. గొంతన్నా మిగలనీ."

దిగేదాకా నమిలాను. మంట మాత్రం గొంతు దగ్గర ఆగలేదు.

మరుసటి ఎన్నికకు మళ్లీ పిలిచారు. వినయంగా వెళ్లాను. నంద్యాల సభలో జనం నిండేదాకా ఆగి, "పోయినసారి మైకు జీతం తీసుకున్న పెద్దల్లుడుగారు ఇప్పుడు మాట్లాడతారు" అని ప్రకటించి, మైకు ఆయన చేతిలో పెట్టి, కిందికి దిగి ముందు వరుసలో కూర్చున్నాను.

ఆయన మైకును అటూ ఇటూ తిప్పి చూసి, మామగారి చేతికి ఇచ్చేశాడు. మొదటి చప్పట్లు నావే.