వెళ్ళొస్తామంటూ నిలబడ్డ ప్రేక్షకులు

2023 ఏప్రిల్. కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఒక హైస్కూల్ మైదానం. శాంటా క్లారాలో నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఊడిన తర్వాత, పడమటి తీరంలో నడిచే ఒక చిన్న రగ్బీ లీగ్ పోటీకి టికెటింగ్ మేనేజర్‌గా చేరాను. అప్పటికి అది నా మూడో సీజన్. "నీకూ రగ్బీకీ ఏం సంబంధమే?" అని మా అక్క ఇప్పటికీ అడుగుతుంది. ఏ సంబంధమూ లేదు. నాకొచ్చిన పని మనుషుల్ని లెక్కపెట్టడం, అది ఎక్కడైనా ఒకటే.

ఆట తెలియనివాళ్ళకు ఒక్క మాట. కబడ్డీ ఆడేవాళ్ళ చేతికి బంతి ఇచ్చారనుకోండి. అటు పదమూడు మంది, ఇటు పదమూడు మంది. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి అవతలివాళ్ళు పట్టుకుని పడేస్తారు. అలా ఆరుసార్లు పడేసేలోగా అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనించాలి, లేకపోతే బంతి వాళ్ళదైపోతుంది. మూడేళ్ళలో నాకు అర్థమైంది ఇంతే, దీనితోనే జీతం తీసుకుంటున్నాను.

నా వృత్తి గురించి మాత్రం బాగా తెలుసు. ఉచితంగా పంచే టికెట్‌ను కాంప్ అంటాం. టికెట్ తీసుకుని మొహం చూపించనివాడు నో-షో. గేటు దగ్గర నిజంగా స్కాన్ అయిన టికెట్ల సంఖ్య డ్రాప్ కౌంట్. క్లబ్బుల వాళ్ళు పంచిన టికెట్లన్నీ కలిపి పెద్ద సంఖ్య చెప్పుకుని మురిసిపోతారు. నేను డ్రాప్ కౌంట్ చెప్పి తిట్లు తింటాను.

ఆ ఏడాది పోటీలోకి కొత్త ఊరిని చేర్చాలా వద్దా అని పెద్ద గొడవ. చేరిస్తే వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్ కావాలని కొందరు, డబ్లిన్ కావాలని కొందరు. "ఎప్పుడూ అవే టీమ్‌లు, అవే మొహాలు. అందుకే జనం రావట్లేదు, కొత్త ఊళ్ళు కావాలి" అని ఒక క్లబ్ యజమాని. "ఉన్న ఊళ్ళలోనే జనం రావట్లేదు, కొత్త ఊళ్ళెందుకు?" అని ఇంకొకాయన. ఇద్దరూ చెప్పేది జనం రావట్లేదనే. అయినా మీటింగులో పొద్దున మొదలుపెట్టి భోజనాలయ్యాక కూడా కొట్టుకున్నారు. మధ్యలో ఎవరికి ఊపిరాడకపోయినా నావైపు తిరిగి, "పద్మా, నువ్వు చెప్పు!" అనేవారు. నేను చెప్పబోయేలోగా మళ్ళీ మొదలు.

చివరికి మా కమిషనర్ గ్రెగ్ బల్ల మీద చరిచాడు. ఆస్ట్రేలియా మనిషి, ఈ ఆటంటే ప్రాణం. మాట్లాడేదంతా ఇంగ్లీషే, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"రెండు ఊళ్ళలోనూ ఒక్కో ట్రయల్ మ్యాచ్ పెడదాం. నాకు డ్రాప్ కౌంట్ వద్దు. స్కాన్ చేయించుకుని, హాట్‌డాగ్ తిని చక్కాపోయేవాళ్ళను చాలామందిని చూశాను. సెకండాఫ్‌లో ఎంతమంది మిగిలి ఉంటారో నేనే లెక్కపెడతాను. ఎక్కువమంది ఉన్న ఊరికే టీమ్" అంటూ జేబులోంచి క్లిక్కర్ తీశాడు. నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే చిన్న పరికరం అది.

రెడ్‌మండ్ మ్యాచ్ ముందు జరిగింది. అక్కడ తుంపర పడుతుంటే రెయిన్‌కోట్లు కప్పుకుని చివరిదాకా కూర్చున్నారు. గ్రెగ్ పొంగిపోయి తిరిగొచ్చాడు. నాకు మాత్రం డానియెల్ గుర్తొచ్చాడు.

డానియెల్ డబ్లిన్ జట్టు కెప్టెన్. ఇక్కడే పుట్టిన తెలుగు కుర్రాడు, వాళ్ళ అమ్మా నాన్నలది నరసాపురం. ఆఫీస్ అయ్యాక పార్కుల్లో ప్రాక్టీస్ చేయిస్తూ, ఒక్కొక్కణ్ణీ బతిమాలి తెచ్చుకుని ఆ జట్టు కట్టాడు. ఈసారి లీగ్‌లో చోటు దొరక్కపోతే జట్టు చెదిరిపోతుంది. ఆఫీస్‌లో వాళ్ళు డాలస్‌కి మారమని ఎప్పట్నుంచో అడుగుతున్నారు.

"టీమ్ లేకపోతే నేను ఇక్కడ ఏం చేస్తా ఆంటీ? డాలస్ వెళ్ళిపోతా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

వాళ్ళమ్మ కరుణమ్మ గారు అప్పటిదాకా కొడుకు ఆట ఒక్కటీ చూడలేదు. "వాడు పడుతుంటే చూడలేనండి బాబూ" అనేవారు. ఈసారి మాత్రం వాళ్ళ తెలుగు చర్చి మొత్తాన్నీ తీసుకొస్తానని మాటిచ్చారు. ఆదివారం ఆరాధన కాగానే అందరం వస్తామని పాస్టర్ గారూ ఒప్పుకున్నారు. మిగతా తెలుగువాళ్ళకు నేను వాట్సాప్ గ్రూపుల్లో కాంప్‌లు పంపాను. పంపేముందు డానియెల్ నన్ను ఆపాడు.

"ఆంటీ, మ్యాచ్ త్రీకి అని పెట్టకండి. మనవాళ్ళు ఫైవ్‌కి వస్తారు. వన్ అని పెట్టండి, కరెక్ట్‌గా త్రీకి ఉంటారు."

"ఇక్కడ పుట్టినవాడివి, నీకెలా తెలుసురా ఇవన్నీ?"

"తెలుగు బర్త్‌డే పార్టీలకి వెళ్ళా కదా ఆంటీ!"

నిజమే కదా అనిపించింది. చర్చివాళ్ళతో సహా మనవాళ్ళకు పంపిన మెసేజ్‌లలో మాత్రం ఒంటిగంట అని పెట్టాం.

ఆదివారం ఒంటిగంటకు కాస్త ముందు స్కానర్లు సర్దుకుందామని హైస్కూల్‌కి వెళ్ళి పార్కింగ్ లాట్ చూసేసరికి గుండె గుభేలుమంది. కార్లే కార్లు! పట్టుచీరలు, సూట్లు, పిల్లలు, బల్లలు, పెద్ద పెద్ద ట్రేలు. చర్చివాళ్ళే కాదు, గ్రూపుల్లో చూసిన వాళ్ళు కూడా ఠంచనుగా దిగిపోయారు. పాస్టర్ గారు గబగబా నా దగ్గరికి వచ్చారు.

"వందనాలమ్మా! ఒంటిగంటన్నారు కదా, ప్రసంగం సగంలో ఆపేసి తీసుకొచ్చాను అందర్నీ. ఏదీ, ఆటెక్కడ?"

ఆటగాళ్ళే రాలేదు. మైదానంలో ఒకే ఒక్క మనిషి తాపీగా తెల్లగీతలు గీస్తున్నాడు. ఇన్నేళ్ళ అమెరికా జీవితంలో మనవాళ్ళు చెప్పిన టైమ్‌కి రావడం నేను చూడలేదు. రాకరాక ఆ రోజే రావాలా! డానియెల్‌కి ఫోన్ చేస్తే ఒకటే మాట అన్నాడు: "ఓ మై గాడ్ ఆంటీ."

"ఇదిగో, మొదలైపోతుందండీ" అన్నాను. పెళ్ళివారిలా ఆ ఒక్క మాట మీదే రెండు గంటలు లాక్కొచ్చాను. అదృష్టం కొద్దీ వాళ్ళు భోజనాలు తెచ్చుకున్నారు. గడ్డి మీద బల్లలు వేసి చికెన్ పులావు, పెరుగుచట్నీ వడ్డించుకున్నారు. తిన్నాక పాస్టర్ గారు మిగిలిన సగం ప్రసంగం పూర్తి చేశారు. అది సగంలా అనిపించలేదు. మధ్యలో వచ్చిన గ్రెగ్ ఈ జాతర చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "మ్యాచ్‌కి ముందే వచ్చి వంటలు, భోజనాలు! అసలైన అభిమానులంటే వీళ్ళే!" అన్నాడు. నేను పులావు తింటూ తలూపాను.

మూడింటికి లీగ్‌లోని ఒక పాత జట్టుతో ఆట మొదలైంది. అప్పటికే గ్యాలరీలో సగంమంది కునికిపాట్లు. మెలకువగా ఉన్న ఒకాయన, "వాణ్ణి పడేశారు కదమ్మా, మళ్ళీ వాడికే బంతి ఇచ్చారేంటి?" అని అడుగుతూనే ఉన్నారు. కరుణమ్మ గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. డబ్లిన్ చిత్తుగా వెనకబడింది.

హాఫ్‌టైమ్ విజిల్ పడగానే గ్యాలరీ మొత్తం లేచింది.

"పిల్లాడికి హోమ్‌వర్క్ ఉందండీ." "రేపు ఆఫీస్ కదా." "మధ్యాహ్నం నుంచీ ఇక్కడే ఉన్నాం, ఇక బయల్దేరతాం."

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. గ్రెగ్ అవతలి మూల నిలబడి క్లిక్కర్ తుడుచుకుంటున్నాడు. నీళ్ళ సీసాతో నా దగ్గరికి వచ్చిన డానియెల్ మొహం పాలిపోయింది.

"అందరూ వెళ్ళిపోతున్నారు ఆంటీ. అయిపోయింది."

భుజం తట్టి పంపించాను.

గ్యాలరీ నుంచి గేటుకు దారి మైదానం అంచున తెల్లగీతను ఆనుకునే ఉంది. అందరూ ఆ దారిలోకి దిగారు. దిగి, అక్కడే ఆగిపోయారు.

"వెళ్ళొస్తామండీ."

"అయ్యో, పులావు మిగిలిపోయింది, పట్టుకెళ్ళండి! బాక్స్ తెచ్చుకున్నారా?"

"మీ అమ్మాయి కాలేజ్ అడ్మిషన్ ఏమైంది?"

"మా ఇంటికి రానే లేదు మీరు! ఇలా అయితే మేమూ రాం, చెప్తున్నా."

సెకండాఫ్ మొదలైంది. వాళ్ళు వెళ్ళొస్తామంటూనే ఉన్నారు. ఇద్దరు కదిలితే నలుగురు ఆపుతున్నారు. కార్ దాకా వెళ్ళినవాళ్ళు చెప్పడం మరిచిపోయిన మాటేదో గుర్తొచ్చి వెనక్కి వస్తున్నారు. గ్రెగ్ క్లిక్కర్ నొక్కుకుంటూ నా పక్కకు చేరాడు.

"చూశావా పద్మా? సీట్లలో ఉండలేక గీత దగ్గరికి వచ్చి నిలబడ్డారు!"

ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ రోజు దాకా నేను ఎవరికీ దొంగలెక్క చెప్పలేదు. డానియెల్ మొహం కళ్ళముందు మెదులుతున్నా చెప్పేశాను.

"గ్రెగ్, వాళ్ళు ఆట చూడట్లేదు. వెళ్ళిపోతున్నారు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

అతను వాచీ చూసుకున్నాడు. జనాన్ని చూశాడు. "ఇంతసేపా? ఇంతసేపు ఎవరూ వెళ్ళిపోరు."

"మేం తెలుగువాళ్ళం ఇంతసేపూ వెళతాం" అన్నాను.

అతను ఇంకేదో అనబోతుండగా డానియెల్ బంతితో మావైపే దూసుకొచ్చాడు. అవతలి జట్టులో సియోనే అని టోంగా దీవుల కుర్రాడొకడున్నాడు, గోడలాంటి మనిషి. డానియెల్‌ను ఎత్తి, పులావు బాక్స్ పట్టుకుని నిలబడ్డ కరుణమ్మ గారి కాళ్ళ ముందే దబ్బున పడేశాడు.

"ఒరే! నా కొడుకురా వాడు!" అని ఆవిడ పెట్టిన కేకకు అందరి మాటలూ ఆగిపోయాయి. రెఫరీ కూడా తిరిగి చూశాడు.

డానియెల్ నెమ్మదిగా లేచాడు. "అమ్మా, ఐ యామ్ ఫైన్."

ఆవిడ వాణ్ణి ఎగాదిగా చూశారు. ఒళ్ళంతా మట్టి, కానీ కాళ్ళూ చేతులూ ఉన్నాయి. "ఫైన్ అయితే ఇంకా నిలబడ్డావేంట్రా? పరిగెత్తు!"

అంతే. ఆ తర్వాత మైదానానికి వీపు పెట్టినవాళ్ళు లేరు. పాస్టర్ గారు "పట్టుకో, పట్టుకో! వదలకు నాయనా!" అని గొంతు చించుకున్నారు. బంతి సంగతి అడిగి అడిగి నన్ను విసిగించిన పెద్దాయన ఇప్పుడు రెఫరీకి రూల్స్ చెబుతున్నారు. డబ్లిన్ ఓడిపోయింది. ఆఖరి విజిల్ పడేదాకా గేటు దాటినవాళ్ళు ఎవరూ లేరు.

గ్రెగ్ వచ్చి క్లిక్కర్ నా చేతిలో పెట్టాడు. "మొదట వెళ్ళిపోతున్నవాళ్ళను లెక్కపెట్టాను. చివర్లో చూస్తున్నవాళ్ళను లెక్కపెట్టాను. ఒక్కరూ తగ్గలేదు, రెడ్‌మండ్ కన్నా ఎక్కువే. డబ్లిన్‌కి టీమ్ ఇస్తున్నాను. రెడ్‌మండ్ వాళ్ళతో నేను దెబ్బలాడుకుంటాలే."

డానియెల్ గడ్డిలో కూలబడి జెర్సీ మొహం మీదికి లాక్కుని ఏడ్చేశాడు. నాకూ ఆగలేదు. కరుణమ్మ గారు కంగారుపడ్డారు.

"ఓడిపోయారనా అండీ?"

"కాదండీ, టీమ్ ఇచ్చారు. ఇకమీదట ప్రతి సీజన్ ఇక్కడే ఆడతాడు."

"అంటే, ప్రతిసారీ ఇలాగే పడేస్తారా?" అని కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత తిన్నగా సియోనే దగ్గరికి నడిచారు. ఆవిడ లాంటివాళ్ళు ముగ్గురు పడతారు అతనిలో. పులావు బాక్స్ అతని చేతిలో పెట్టారు.

"తీసుకో నాయనా. మళ్ళీ రా. కాస్త మెల్లిగా పట్టుకో వాణ్ణి."

డానియెల్ గడ్డిలోంచే దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. సియోనే తల వంచి, "యెస్ మామ్" అన్నాడు.

కొత్త ఊరి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా మీటింగుల్లో జనాభా ఎంత, ఆదాయం ఎంత, పార్కింగ్ ఎంత అని అడుగుతారు. ఆ ఊరివాళ్ళు ఒకచోటి నుంచి కదలడానికి ఎంతసేపు పడుతుందని నేను అడుగుతాను. నవ్వుతారు, నవ్వనీండి. గేటు దాకా రప్పించడం నా పని, అది కాంప్‌లతో అవుతుంది. ఉండిపోయేవాళ్ళు మాత్రం ఒకర్నొకరు వదల్లేక ఉండిపోతారు. ఆట సంగతి ఆ తర్వాత వాళ్ళే చూసుకుంటారు.